గుట్ట కొంగు

బుగ్గారం దిక్కు ఒక ఊళ్ళో ఒక ముసలామె ఉందట. కత్తి పట్టుకుని గుట్ట మొత్తాన్ని నున్నగా నరికేసిందట. రోడ్డు కాంట్రాక్టరే చెప్పి నరికించాడట. అందుకు ఆమెకు చీర పెట్టాడట.

ఈ మాట నేను సిరిసిల్ల నుంచి కోరుట్లకు వచ్చే బస్సులో విన్నాను. చందుర్తిలో ఎక్కిన ఒకామె నా ముందు సీట్లో కూర్చుని, ఒళ్ళో ఉన్న సంచి సర్దుకుంటూ పక్కామెకు చెప్పింది.

“గా వయసుల గదేం పాపమే ముసల్దానికి? ఎన్ని చెట్లు సచ్చినయో!” అంది పక్కామె.

“చీరకు ఆశపడ్డది. చూసినోళ్ళే చెప్పిన్రు నాకు. ఆకుపచ్చ చీర, ఎర్రంచు.”

చీర రంగు కూడా సరిగ్గానే చెప్పింది. నాది ఆ ఊరే. ఆ ముసలామె ఇల్లు మా ఇంటికి రెండిళ్ళ అవతల. కానీ కొత్తవాళ్ళతో మాట కలపడం నాకు చేతకాదు. కోరుట్లలో దిగేదాకా కిటికీలోంచి పత్తిచేన్లు చూస్తూ కూర్చున్నాను. ఆ రోజు నోట్లోనే ఉండిపోయిన మాట ఇది.

ఆమె పేరు కొమురవ్వ. నేను పెద్దమ్మ అని పిలుస్తాను. బస్సులో వాళ్ళు అన్నంత ముసలిదేమీ కాదు. యాభై ఎనిమిదో అరవయ్యో ఉంటాయి. పుట్టిల్లు ముస్తాబాద్. పెళ్ళయిన మూడో రోజే అత్త గంగమ్మ చేతికి కత్తి ఇచ్చి గుట్టకు తీసుకుపోయిందని, కాళ్ళ పారాణి గుట్ట మీదే పోయిందని నవ్వుతూ చెబుతుంది. వాళ్ళకు సెంటు భూమి లేదు. పెనిమిటి ఓదెలు పెదనాన్న ఒకప్పుడు బావులు తవ్వేవాడు. మోకాళ్ళు పోయాక అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరించడమే ఆయన పని. పెద్దమ్మ నాట్లకు పోతుంది, పత్తి ఏరుతుంది, మిగిలిన పొద్దంతా చేట ముందు కూర్చుని బీడీలు చుడుతుంది. ఏడాదిలో ఆమె ఎదురుచూసేది మాత్రం గుట్ట పనికే. ఫిబ్రవరి రాగానే మనిషి మారిపోతుంది. నడకలో వేగం వస్తుంది.

గుట్ట మీద ఉండేది తునికి. బీడీ చుట్టేది ఆ చెట్టు ఆకుతోనే. దాన్ని దాని మానాన వదిలేస్తే ఆకు గరుకుగా, చిన్నగా, పురుగు తిన్న బొక్కలతో వస్తుంది. బీడీకి పనికిరాదు. అందుకని ఎండలు ముదరకముందే పొదను మొదలు దాకా నరికేయాలి. దాన్ని మా దగ్గర కొమ్మ కొట్టుడు అంటారు. నరికిన మోడు కింద వేరు బతికే ఉంటుంది. ఎండ పడేకొద్దీ ఆ వేరు నుంచి కొత్త రెమ్మలు లేస్తాయి. ఒకటిన్నర, రెండు నెలలకు అరచేయంత మెత్తని ఆకు చేతికొస్తుంది. ఆ ఆకు తెంపి, యాభై యాభై చొప్పున నారతో కట్టలు కట్టి, కల్లంలో ఎండబోస్తే, అక్కడి నుంచి కోరుట్ల కార్ఖానాలకు పోతుంది. ఎండాకాలంలో పొలం పనులు ఉండవు. ఆ నెలన్నర మా వాడలో ఆడవాళ్ళందరికీ గుట్టే దిక్కు.

ఆడవాళ్ళను జమచేసి కొమ్మ కొట్టించే మేస్త్రి కొమురవ్వ పెద్దమ్మ. ఆమెకు ముందు వాళ్ళ అత్త. ఆ అత్త చెప్పిన కట్టుబాటు ఒకటి ఉంది. గుట్ట అంతా కొట్టాలి గానీ, రోడ్డు వైపు ఉన్న ఏటవాలు మాత్రం ముట్టుకోకూడదు. దానికి గుట్ట కొంగు అని పేరు.

“ఎందుకత్తా?” అని కొత్తకోడలు అడిగిందట.

“ఆడిదాని మీద కొంగు ఎందుకుంటదో గందుకే” అన్నదట అత్త.

అంతకుమించి అడగలేదు, ఆమె చెప్పలేదు. కొంగు ఆకు ఎవరికీ పనికిరాదు. అయినా ఏళ్ళ తరబడి అలాగే వదిలిపెట్టారు.

నిరుడు ఆ కొంగును పెద్దమ్మ కొట్టించింది. ఆమె చేసిన తప్పు అదే.

ఎందుకు కొట్టించిందో కూడా చెప్పాలి. కార్ఖానాలో బీడీల పని తగ్గిపోయింది. నెలలో సగం రోజులు కూడా ఆకు ఇవ్వడం లేదు. దాంతో కొమ్మ కొట్టుడుకు ఎన్నడూ రాని ఆడవాళ్ళు కూడా వచ్చారు. నేనూ పోయాను. చేతులు ఎక్కువై పని తొందరగా ముగిసింది. గుట్ట వెనక వైపు ఫిబ్రవరి నడుమనే అయిపోయింది. మార్చి రెండో వారానికి కొంగు తప్ప కొట్టడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు కల్లం చూసుకునే ప్రభుదాస్ అన్నాడు:

“అక్కా, గా రోడ్డు దిక్కు గూడ కొట్టియ్యరాదు? ఇంకో వారం కైకిలి పైసలు వస్తయి అందరికి.”

పెద్దమ్మ వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు పొద్దున అందరం గుట్ట కింద నిలబడి ఉండగా, ఆమె కత్తి మొన నేలకు ఆనించి అటే చూస్తూ నిలబడింది.

“ఏం చూస్తున్నవ్ కొమురక్కా?” అంది సత్యవ్వ. సత్యవ్వ నోటికి మా వాడలో అందరూ భయపడతారు, నవ్వుతారు కూడా. “ఇన్నేండ్లు కొంగు కప్పుకున్నది. ఒక్కేడు గుట్టను గాలి ఆడనియ్యి.”

అందరం నవ్వాం. పెద్దమ్మ కూడా నవ్వి కత్తి ఎత్తింది. వారం రోజుల్లో రోడ్డు వైపు కూడా మోడులే మిగిలాయి.

సరిగ్గా ఆ నెలలోనే మా ఊరి ముందు నుంచి జగిత్యాలకు పోయే రోడ్డును వెడల్పు చేయడం మొదలుపెట్టారు. రోడ్డు పక్కన చింతచెట్లకు తెల్లరంగుతో నంబర్లు వేశారు. పెద్దమ్మ పడుచుతనంలో కట్టెలమోపు నెత్తిన పెట్టుకుని పోతూ దించుకున్న చెట్టుకు నలభై ఒకటో నంబరు పడింది. ఆ చెట్టు కొట్టిన రోజు ఆమె వెళ్ళి చూసింది. కొమ్మల్లో మిగిలిన చింతకాయలు ఒడిలో ఏరుకుని వచ్చింది.

“రోడ్డు రావద్దని నేనంటనా?” అంది ఇంటికొచ్చి. “మీ పెదనాయన మోకాళ్ళకు జగిత్యాల పోవాలంటే గా గుంతల పానం పోతుండె. రోడ్డు గావాలె. చింతచెట్టు గూడ గావాలె. రెండు ఒక్కకాడ పట్టకపోతె ఎవలేం చేస్తరు?”

రోడ్డు కోసం చెట్లు కొడితే వాటికి బదులు ఇంకోచోట మొక్కలు పెట్టాలట. అందుకు ఖాళీ జాగా కావాలి. మార్చి చివర్లో ఒక తెల్లకారు రోడ్డు మీద ఆగింది. అందులోంచి ఇద్దరు దిగి, అక్కడే నిలబడి, మా గుట్టను ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయారు. నేను అరుగు మీద బీడీలు చుడుతూ చూశాను. రోడ్డు దిగి ఒక్క అడుగు కూడా లోపలికి వేయలేదు.

నాలుగు రోజుల తర్వాత అరవింద్ వచ్చాడు. అరవింద్ ఫారెస్టులో కొత్తగా చేరినవాడు. సిరిసిల్లలో మగ్గాలు నడిపే ఇంటి పిల్లవాడు. ఉద్యోగంలోకి వచ్చి ఎనిమిది నెలలే అయింది. అడవి సంగతి ఇంకా నేర్చుకుంటున్నాడు. బండి స్టాండు వేసి పెద్దమ్మ అరుగు దగ్గర నిలబడి, చెప్పలేక చెప్పాడు.

“పెద్దమ్మా, మీ గుట్టను ఖాళీ జాగా అని రాసిన్రు. రోడ్డుకు పోయిన చెట్లకు బదులు గుట్ట మీద మొక్కలు పెడతరట. ఏప్రిల్ పదో తారీఖున జేసీబీ వస్తది. మోడులన్నీ పెకిలించి, దున్ని, గుంతలు తీస్తది.”

పెద్దమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. “ఏం మొక్కలు?”

“టేకు. నీలగిరి.”

“నీలగిరి ఆకుతోని బీడీ చుట్టొస్తదా బిడ్డా?”

పెద్దమ్మ చేట పక్కకు పెట్టింది.

“చెట్టు పోతే చెట్టు పెట్టాలె, మంచిదే. కని చెట్టు ఉన్నకాడ చెట్టు పెడతరా ఎవలన్న?”

“చెట్టు ఉన్నట్టు కాయితంల లేదు పెద్దమ్మా.”

కత్తితో నరికితే తునికి పోదు. ఎన్నిసార్లు నరికితే అన్నిసార్లు వస్తుంది. జేసీబీ వేరుతో సహా పెకిలిస్తే మళ్ళీ రాదు. ఆ ఏడు ఆకు ఒక్కటే కాదు, ఇక ఎప్పటికీ ఆకు ఉండదు. ఈ సంగతి అరుగు చుట్టూ చేరిన అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం కల్లం దగ్గర పెద్దమ్మ అందరినీ కూర్చోబెట్టి చెప్పింది. “తప్పు నాదే. కొంగు ముట్టుకోవద్దని మా అత్త చెప్పింది. అది ఉండి ఉంటే రోడ్డు మీదికెళ్ళి పచ్చగ కనబడేది. ఇయ్యాల గుట్టను నేను బట్ట లేకుంట బరిబాత నిలబెట్టిన.”

“నువ్వొక్కదానివే కొట్టినవా?” అని సత్యవ్వ ఎగిరిపడింది. “వారం కైకిలి అందరం తీసుకున్నం. తప్పుల గూడ అందరిది పాలున్నది. ఇగ ఏడుపు ఆపి ఏం చెయ్యాల్నో చెప్పు.”

మరుసటి రోజు పెద్దమ్మ, సత్యవ్వ, నేను జగిత్యాల బస్సెక్కాం. ఆఫీసు బోర్డు చదవడానికి ఒకరు కావాలని నన్ను తీసుకుపోయారు. పదో తరగతి దాకా చదివింది వాళ్ళ లెక్కలో నేనే. బోర్డు చదివి చూపించి నేను గోడ పక్కన నిలబడ్డాను.

రేంజరు సారు పెద్దవాడు, నెమ్మదైన మనిషి. మమ్మల్ని కూర్చోమన్నాడు. పెద్దమ్మ కూర్చోలేదు. సారు కంప్యూటరు తెర మా వైపు తిప్పాడు. రోడ్డు మీద నుంచి తీసిన ఫోటో.

“చూడమ్మా. ఇది మీ గుట్టే కదా?”

పెద్దమ్మ వంగి చూసింది. “మాదే సారూ.”

“ఇందులో ఎక్కడన్నా చెట్టు కనబడుతుందా?”

ఆమె ఇంకా వంగి చూసింది. “లేదు సారూ” అంది.

“మరి?”

పెద్దమ్మ నిటారుగా నిలబడి గది చుట్టూ చూసింది. తలుపు దగ్గర అరవింద్ టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. నున్నటి గుండు ట్యూబులైటు వెలుతురులో మెరుస్తోంది. ఆ వారమే ఇంటివాళ్ళతో వేములవాడ పోయి తల నీలాలు ఇచ్చి వచ్చాడు.

“సారూ, గీ పిలగాని నెత్తి చూడుండ్రి. ఏములాడ రాజన్నకు మొక్కు చెల్లించిండు. ఇయ్యాల గీన్ని ఫోటో తీసి, బట్టతలోడని కాయితం రాస్తే, రేపు పిల్లనెవలిస్తరు?”

లోపల ఫైళ్ళ దగ్గర కూర్చున్నామె కిసుక్కున నవ్వింది. సారు నవ్వు ఆపుకోలేకపోయాడు. అరవింద్ గబుక్కున టోపీ పెట్టుకున్నాడు.

“మా గుట్టకు గూడ గుండు కొట్టించినం సారూ. ఏటేట కొట్టిస్తం. కొట్టకపోతె ఆకు రాదు. మీరొక్కసారి వచ్చి చూడుండ్రి.”

“నవ్వులాట వేరు, ఫైలు వేరమ్మా” అన్నాడు సారు, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. “అది పైకి పోయింది. గుట్ట మీద పనికొచ్చే ఆకు ఉన్నదని నేను నా కళ్ళతో చూస్తే రాయగలుగుతా. మిషన్ వచ్చే రోజుకు కూడా ఏం లేకపోతే నా చేతిలో ఏం లేదు.”

“మరి వస్తరా సారూ?”

“చూద్దాంలే.”

తిరుగు బస్సులో సత్యవ్వ ఆ మాటే పట్టుకుంది. “చూద్దాంలే అన్నడు. అంటే రాడన్నట్టు. మా మేనబావ గూడ పెండ్లికి ముందు గట్లనే అన్నడు.”

“వస్తడే” అంది పెద్దమ్మ.

“ఏం వస్తడు! గా సారు బూటు మన గుట్ట మీద పడ్డనాడు నీకు చీర పెడత, పో. గుట్టెక్కే మనిషా ఆయన? కుర్చీల కెళ్ళి లేవనీకెనే కిందామీదా అయితున్నడు.”

పెద్దమ్మ వేళ్ళతో రోజులు లెక్కపెట్టుకుంటోంది. పదో తారీఖుకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.

ఆ తొమ్మిది రోజులూ పొద్దున్నే గుట్టకు పోయాం. పెద్దమ్మ ముందు, నీళ్ళ సీసా పట్టుకుని నేను వెనక. ఆమె ఒక్కో మోడు దగ్గర వంగి, దుమ్ము ఊది చూసేది. రోడ్డు వైపు కొట్టి పక్షం రోజులే అయింది కాబట్టి అక్కడ చాలా మోడులు మూసిన పిడికిళ్ళలా ఉన్నాయి. కొన్నింటికి మాత్రం ఎర్రటి మొగ్గ, బియ్యపుగింజంత.

బోరింగు నీళ్ళు మోసి పోద్దామని సత్యవ్వ అంది. ఆడవాళ్ళంతా బిందెలతో సిద్ధమయ్యారు.

“వద్దే” అంది పెద్దమ్మ. “తునికికి నీళ్ళు గాదు, ఎండ గావాలె. నీళ్ళు పోస్తే మనకు తృప్తి, దానికేం లేదు.”

మాకు ఏమీ చేయకుండా కూర్చోవడమే కష్టమైంది. ఆమెకూ కష్టమే. కానీ బియ్యపుగింజంత మొగ్గను వేలితో తాకినప్పుడు ఆమె ముఖంలో భయం కన్నా వేరేది కనిపించేది. పసిపిల్లకు పన్ను వచ్చిందేమో చూసే తల్లి ముఖం అది.

రోడ్డు వైపు చూడటం అయ్యాక గుట్ట చుట్టి వెనక వైపు పోయేవాళ్ళం. వాగు పక్కనుంచి కాలిబాట. ఫిబ్రవరిలో కొట్టింది కాబట్టి అక్కడ రెమ్మలు మోకాలెత్తు లేచాయి. ఆకు రోజురోజుకూ విచ్చుకుంటోంది. కానీ కారులో వచ్చినవాళ్ళు అటు రాలేదు. వస్తారని నమ్మకం కూడా లేదు.

ఏప్రిల్ పదిన పొద్దున తొమ్మిదింటికి జేసీబీ వచ్చింది. మేమంతా అప్పటికే గుట్ట కింద ఉన్నాం. అడ్డం పడుకుందామని కొందరు, రాళ్ళు పెడదామని కొందరు అన్నారు. పెద్దమ్మ ఎవరినీ కదలనివ్వలేదు. అరవింద్ పక్కకు పోయి ఎవరితోనో ఫోన్ మాట్లాడుతున్నాడు. జేసీబీ నడిపే అతను, పేరు రాజు, మెట్టు మీద కూర్చుని బీడీ వెలిగించాడు. పెద్దమ్మ అతని దగ్గరకు పోయింది.

“ఏ ఊరు కొడుకా?”

“కోరుట్ల.”

“అవ్వ ఏం చేస్తది?”

“బీడీలు చేస్తది.”

“మరి నీ నోట్లె ఉన్నది ఏ ఆకు?”

“తునికాకు. బీడీలోళ్ళ కొడుకును, గంత తెల్వదా అవ్వా?” అని నవ్వాడు.

“నువ్విప్పుడు పెకిలిచ్చేది గదే.”

రాజు బీడీ నోట్లోంచి తీశాడు. గుట్ట వైపు చూశాడు. “ఏడున్నది? మోడులే గదా.”

“నా ఎంట రా, చూపిస్త. బీడీ అయ్యేలోపల వద్దాం.”

“నడుమల ఆరిపోతె ఇంకోటి నేనిస్త” అంది సత్యవ్వ వెనక నుంచి.

రాజు లేచాడు. అరవింద్ ఫోన్ పెట్టేసి వెంట వచ్చాడు. వాగు పక్క కాలిబాటలో అందరం నడిచాం. గుట్ట మలుపు తిరగగానే రాజు ఆగిపోయాడు. ఏటవాలు పొడవునా ఆకు. లేత ఆకు కాబట్టి పూర్తి పచ్చ కాదు, కొంచెం రాగిరంగు కలిసిన పచ్చ. ఎండ దానిలోంచి దూరి వస్తోంది. అతను ఒక ఆకు తెంపి, వాళ్ళమ్మను చూసి నేర్చుకున్నట్టున్నాడు, వేళ్ళ నడుమ మడిచి విప్పాడు. ఆకు చిట్లలేదు.

“మా అవ్వ చూస్తే ఇంటికి రాదు, ఈడ్నే గుడిసె ఏసుకుంటది” అన్నాడు.

అరవింద్ ఫోటోలు తీసి సారుకు పంపాడు. వెంటనే ఫోన్ వచ్చింది. మాకు కూడా వినిపించేంత గట్టిగా సారు అంటున్నాడు, నిరుటి ఫోటోలు పంపవద్దని.

“నిరుటియి కావు సార్. నేను ఆకుల నడుమనే నిలబడ్డ” అన్నాడు అరవింద్. “మీరొక్కసారి రండి సార్. చూసినంక తవ్వమంటే నేనే దగ్గరుండి తవ్విస్త.”

రాజు తిరిగి వెళ్ళి జేసీబీ తాళం తీసి జేబులో వేసుకున్నాడు. సారు వచ్చేదాకా డీజిలు ఎందుకు కాల్చడం అన్నాడు. సత్యవ్వ అన్నమాట ప్రకారం రెండో బీడీ ఇచ్చింది. తెచ్చుకున్న జొన్నరవ్వ గటక, మామిడికాయ తొక్కు అతనికీ పెట్టాం.

మిట్టమధ్యాహ్నం సారు జీపు వచ్చింది. ఆయన దిగాడు. వాగు దగ్గర జారబోతే అరవింద్ పట్టుకున్నాడు. మలుపు తిరిగాక సారు ఒక రెమ్మ దగ్గర వంగి మోడును, మోడు పక్కనుంచి లేచిన రెమ్మను, ఆకును వరుసగా చూశాడు. తర్వాత తలెత్తి అరవింద్ టోపీ తీయించి చూశాడు. అప్పటికి అరవింద్ తల మీద నూగు మొలిచింది.

“నీ నెత్తి కన్నా ఇదే నయంగా మొలిచిందయ్యా” అన్నాడు.

అందరం ఒక్కసారిగా నవ్వాం. అంతసేపూ పట్టి ఉంచిన ఊపిరి అది. నవ్వు ఆగాక సారు అడిగాడు:

“మరి రోడ్డు వైపు ఎందుకు లేదమ్మా?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. పెద్దమ్మ చెప్పింది, “అది గుట్ట కొంగు సారూ. ముట్టుకునేది గాదు. గీ ఏడు నాకు బుద్ధి లేక కొట్టించిన. ఆఖరికి కొట్టినం, ఆఖరికే వస్తది. మొగ్గ ఉన్నది, రాండ్రి చూపిస్త.”

సారు వెళ్ళి బియ్యపుగింజంత మొగ్గను కూడా చూశాడు. తర్వాత అడిగాడు, మరి మొక్కలు ఎక్కడ పెట్టాలని. అది ఆయన తనలో తాను అనుకున్నట్టుగా అన్నాడు గానీ, పెద్దమ్మ జవాబు చెప్పింది.

“రోడ్డుకు మొరం ఏడికెళ్ళి తీసిన్రు సారూ? ఊరవతల గా మొరం గుంటల చెట్టు లేదు, వేరు లేదు. సర్కారు జాగనే. ఆడ పెట్టుండ్రి, మేమే నీళ్ళు పోస్తం.”

ఆ సాయంత్రం జేసీబీ గుట్ట దగ్గర నుంచి కదిలి, రోడ్డు కోసం ఎర్రమట్టి తవ్వి వదిలేసిన ఆ మొరం గుంట వైపు పోయింది. కాగితం మారడానికి ఇంకో నెల పట్టింది. అరవింద్ అందుకోసం ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగాడు. ఈలోగా మేం ఆకు తెంపాం. రోడ్డు వైపు ఆకు మే చివరికి వచ్చింది, ఆలస్యంగా, కానీ వచ్చింది. వానలు పడ్డాక మొరం గుంటలో మా వాళ్ళే ఉపాధి పని కింద వేప, కానుగ, చింత పెట్టారు. కొన్ని ఎండిపోయాయి. చింతలు చాలావరకు నిలబడ్డాయి. అవి నలభై ఒకటో నంబరు చెట్టువే. పెద్దమ్మ ఆ రోజు ఒడిలో తెచ్చిన కాయల గింజలు డబ్బాలో దాచి నారు పోసింది.

“ఇవి కాయాలంటే నేనుండ. మీరుంటరు” అంది.

“నువ్వు యముడికి గూడ గుండు కథ చెప్పి తప్పించుకొస్తవ్” అన్నాడు అరుగు మీద నుంచి ఓదెలు పెదనాన్న.

రోడ్డు పూర్తయింది. ఆయన మోకాళ్ళు ఇప్పుడు జగిత్యాలకు సుఖంగా పోయి వస్తున్నాయి. దారిలో నీడ లేదు. ఆ సంగతి ఎండాకాలం బస్సు కోసం నిలబడ్డప్పుడు తెలుస్తుంది.

ఈ ఏడు ఫిబ్రవరిలో మళ్ళీ కొమ్మ కొట్టాం. రోడ్డు వైపుకు వచ్చేసరికి పెద్దమ్మ కత్తితో గీత గీసి, ఇది దాటవద్దంది. ఎందుకని కొత్తగా వచ్చిన పిల్ల అడిగింది. వాళ్ళ అత్తలా పెద్దమ్మ కొంగు మాట చెప్పలేదు.

“కొందరు రోడ్డు దిగరు బిడ్డా. వాళ్ళకు గింతనే గుట్ట.”

బస్సులో విన్న మాటలో సగం నిజమే. గుట్టను నరికింది పెద్దమ్మే. ఈ ఏడూ నరికింది, వచ్చే ఏడూ నరుకుతుంది. రోడ్డు కాంట్రాక్టరు ఎవరో మాలో ఒక్కరికీ తెలియదు. చీర కూడా నిజమే. నిరుడు కల్లం ముగిసిన రోజు, సారు బూట్ల అచ్చులు వాగు ఒడ్డున ఎండి గట్టిపడి ఇంకా అలాగే ఉండగా, సత్యవ్వ కోరుట్ల పోయి కొనుక్కొచ్చి పెట్టింది.